ముందు చక్రాల లీవరు

"దాని మీద కూకోకమ్మా, ఎవులిదో సరుకు. ఎల్లుండి జగదల్‌పూర్ వోడొచ్చి డబ్బిచ్చి పట్టుకెల్తాడు," అంటూ సూరమ్మ పీట వేసింది.

గోడవార గోతాంలో చుట్టి పడేసిన పొడవాటి మూట మీద నుంచి లేచి, గంగాభవాని పీట మీద కూర్చుంది. కూర్చోడానికి వచ్చిందా పాపం! ఆమె మొగుడు పరదేశి నిన్నటి నుంచీ అభన్‌పూర్ ఠాణాలో ఉన్నాడు.

యుద్ధం అయ్యాక కలప కాంట్రాక్టరు వేలంలో కొన్న ఆరు చక్రాల మిలటరీ లారీకి పరదేశి డ్రైవరు. నిన్న నాలాలోంచి గట్టెక్కుతూ లారీ వెనక్కి జారింది. వెనక నడుస్తున్న కూలీ దాని కింద పడి చచ్చిపోయాడు. ముందు చక్రాల లీవరు తోయకుండా నడిపాడని పోలీసు దరోగా అంటాడు. తోశానని పరదేశి అంటాడు. ఆ లారీ మరమ్మతులు చూసే మిస్త్రీ పరదేశికి సొంత అన్న, సూరమ్మ మొగుడు భీమారావే. ఇవాళ బండిని పరీక్షించి అతను చెప్పే మాటే చెల్లుతుంది.

"బావగారూ, బండిలోనే లోపం ఉందని ఒక్క ముక్క సెప్పండి. అబద్దమైనా సెప్పండి." గంగాభవాని అతని కాళ్లు పట్టుకుంది.

"లోకోషెడ్డులో ఇరవై ఏళ్లు సేసినాను. అబద్దం ఆడి ఎరగనమ్మా," అన్నాడు భీమారావు. "తమ్ముడి కోసం ఇప్పుడు మొదలెట్టమంటావా?"

మధ్యాహ్నానికి ఇద్దరూ నాలా దగ్గరికి వెళ్లేసరికి లారీ సగం బురదలో కూరుకుపోయి ఉంది. గంగాభవాని వింటుండగా భీమారావు దరోగాకి ఓపిగ్గా చెప్పాడు. వెనక నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయి. ముందు రెండూ లీవరు తోస్తేనే లాగుతాయి. ఇంజను బలాన్ని వాటిదాకా మోసేది బండి కడుపు కింద ఉండే ఇనప గొట్టం. నిలబెడితే మనిషి ఛాతీ ఎత్తు వస్తుంది, రెండు కొసల్లోనూ కూడిక గుర్తులాంటి క్రాసులుంటాయి. అది లేకపోతే లీవరు ఎంత తోసినా దండగే.

"మరి అది ఉందా?" అని దరోగా వంగబోయాడు.

"మీ బట్టలు పాడైపోతాయి సాబ్," అని భీమారావే బురదలో పాక్కుంటూ కిందికి దూరాడు.

సంకెళ్లతో నిలబడ్డ పరదేశి, "తోసినానన్నా. ముందు సెక్రాలు కదల్లేదన్నా," అన్నాడు.

భీమారావు బయటికొచ్చి మొహం తుడుచుకున్నాడు. "సబ్ ఠీక్ హై సాబ్. గొట్టం ఉంది. బండిలో ఏ లోపమూ లేదు." తమ్ముడి వంక మాత్రం చూడలేదు.

తోడబుట్టినవాడి కోసం కూడా అబద్ధమాడని మనిషని దరోగా అతని భుజం తట్టాడు. గంగాభవానికి అది వినబుద్ధి కాలేదు. ఇంటివాణ్ణి జైలుకి పంపే నీతి ఎవరిక్కావాలి? కానీ అంత నీతిమంతుడు చెప్పాక, మొగుడే తనకి అబద్ధం చెప్పాడేమోనని మొదటిసారి అనుమానం కూడా వచ్చింది. అందుకే పరదేశి పిలుస్తున్నా వెనక్కి తిరక్కుండా వచ్చేసింది.

సాయంత్రం చిన్న రైల్లో రాయపూర్‌లో దిగి, పొద్దున్న మరిచిపోయిన సంచీ కోసం బావగారింటికి వెళ్లింది. సూరమ్మ కుళాయి దగ్గరికి పోయినట్టుంది. సంచీ ఆ మూట వెనక పడి ఉంది. మూటని పక్కకి లాగబోతే గోతాం చినిగి చేతిలోకి వచ్చింది. లోపల ఇనప గొట్టం.

రెండు కొసల్లోనూ క్రాసులున్నాయి.