అమ్మ చెయ్యి విరిగిన రోజు

సారా కొట్టువాడు సర్పంచ్ గౌరీశంకర్ గారి తల మీద సీసా పగలగొట్టాడు. గంటలో పోలీసులు వచ్చారు. వాణ్ణి లాఠీలతో కుళ్ళబొడిచి జీపులో పడేశారు. కొట్టు కూలదోశారు.

ఒడిశాలోని మా ఊరి తెలుగు వీధిలో ఒడియా రాయడం నాకే వచ్చు. ఫిర్యాదు రాయమని దరోగా, అదే ఇక్కడి ఎస్సై, కాగితం ఇచ్చాడు.

"అమ్మీ, నా సెయ్యి సంగతి కూడా రాయే," అంది అమ్మ.

కొట్టు తీసెయ్యమన్నందుకు నాలుగు నెలల క్రితం వాడే ఇనప రాడ్డుతో అమ్మ చెయ్యి విరగ్గొట్టాడు. నేను మూడుసార్లు ఫిర్యాదు రాసిచ్చాను. ఎవరూ రాలేదు.

"దానికి సాక్షి ఎవరు?" ఒడియాలో కసిరాడు దరోగా.

"సర్పంచి బుర్రకైతే ఊరంతా సాక్షే. నా సెయ్యికి ఎవడొత్తాడు?" అంది అమ్మ నాతో.

పక్కనే కూర్చున్న సర్పంచ్ గారి తలకి కట్టిన గుడ్డలోంచి నెత్తురు చెవి మీదికి కారుతోంది.

"నా పేరు రాయమ్మీ," అన్నారు తల దించుకుని. "ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ఎముక ఇరిగిన సప్పుడు ఇన్నాను."

అమ్మ ఆయన్నే చూసింది. "మరప్పుడు సెప్పలేదేటి బాబూ?"

"అప్పుడు దెబ్బ నాకు తగల్లేదు కదా, జయంతీ."

ఆ మాట కూడా రాశాను.