గడప బయట

ఆదోనిలో పని ముగించుకుని ఇద్దరూ ఎమ్మిగనూరులో బస్సు దిగారు. యోహాను, దానియేలు.

ఇద్దరిలో ఒకరు ఆ పొద్దుటిదాకా ఈ దేశపు మనిషి కాదు. కొరియాలో పుట్టాడు. అక్కడి యుద్ధంలో ఖైదీ అయ్యాడు. విడిపించాక ఉత్తరానికీ పోనన్నాడు, దక్షిణానికీ పోనన్నాడు. మన సైనికుల ఓడలో మద్రాసు చేరాడు. ఈ ఊరి మిషను కాంపౌండులో, వాళ్ళు పెట్టిన పేరుతో, ఇక్కడి యాస నేర్చుకుని, కోళ్ళు పెంచుతూ ఐదేళ్ళు బతికాడు. ఈరోజు మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి భారతీయుడయ్యాడు. రెండోవాడు అతను యోగ్యుడని సాక్షి సంతకం పెట్టాడు.

నిరుడు కలరా వచ్చినప్పుడు, సొంతవాళ్ళే వదిలేసిన రోగులను ఆస్పత్రికి మోసింది ఈ ఇద్దరే. అందుకే కొత్త పౌరుడికి సాయంత్రం సన్మానం. దండ తెచ్చే పని ఊరిపెద్ద లక్ష్మప్పది.

అంతదాకా టీ తాగుదామని సుబ్బన్న హోటలుకు వెళ్ళారు.

యోహాను బెంచీ మీద కూర్చున్నాడు. గాజు గ్లాసులో టీ వచ్చింది.

దానియేలు గడప బయటే ఆగిపోయాడు. సుబ్బన్న గడప పక్కనున్న ముళ్ళకంపకు గుచ్చిన కొబ్బరిచిప్ప చూపించి, దానియేలు అది తీసుకోగానే మూరెడు ఎత్తునుంచి టీ పోశాడు. సగం వేళ్ళ మీద పడింది.

"ఈ రోజు గూడానా అన్నా?" అన్నాడు యోహాను.

"కాగితాల్లో ఏమన్నా రాసుకోండప్పా. పుట్టుక మారతాదా?"

"కలరాలో మీయమ్మను మోసింది ఆయనే. మీ అన్నదమ్ములంతా గోనెగండ్లకు పారిపోయినారు."

"కాదన్లేదు. అమ్మ బతికింది గూడా. ఇల్లు మూడుతూర్లు కడిగించుకున్యాం."

"రోగానికా?"

"రోగానికి ఒగతూరి. రెండుతూర్లు వీడు ముట్టుకున్నందుకు."

యోహాను లేచాడు. గడప దగ్గరికి వచ్చి, నోట్లో ఉన్న టీ బయటి కాలవలో ఉమ్మేశాడు. గ్లాసులో మిగిలింది కూడా పారబోసి, కంపనుంచి ఇంకో చిప్ప తీసి చాచాడు.

"దీంట్లో పొయ్యి."

"నీకెందుకప్పా ఆ పాడు చిప్ప?"

"పొయ్యన్నా."

సుబ్బన్న మొహం చిట్లించుకుని పోశాడు. యోహాను గడప దాటి దానియేలు పక్కన నిలబడ్డాడు.

"రేపట్నుంచి నిన్ను గూడా ఈడనే నిలబెడతారు" అన్నాడు దానియేలు మెల్లగా.

"నిలబెట్టనీ. తాగు, సల్లారిపోతాది."

ఇంతలో లక్ష్మప్ప వచ్చాడు. వెనక పదిమంది. చేతిలో బంతిపూల దండ.

ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన దానియేలుకు ఎక్కడ తగులుతానోనని ఒళ్ళు ముడుచుకుని, లక్ష్మప్ప ఆ దండను కొరియాలో పుట్టిన యోహాను మెడలో వేశాడు.