ఎవరిదీ ఫిర్యాదు?

బూట్ల ఫ్యాక్టరీలో జిగురు వాసనకి లువా కళ్ళు మండుతున్నాయి.

మేనేజర్ బారెట్ అటుగా వస్తుంటే, ఆయన వెంట నడిచే దుబాసీ తువెత్‌ని ఆపింది.

"తువెత్ అక్కా, సార్‌తో ఒక్కమాట. మాకేం ఇబ్బంది లేదు, అలవాటే. సారే పాపం చల్లటి దేశం మనిషి. ఈ వాసనలో, ఈ ఉక్కలో ఎలా ఉంటున్నారోనని ఈ చెల్లెలికి దిగులు."

ఈ బిన్ దువాంగ్ సీమలో పైవాళ్ళ ముందు "నేను" అని ఎవరూ అనరు. "చెల్లెలు" అంటారు, "తమ్ముడు" అంటారు. అనడానికి ఏదైనా కష్టం ఉంటే, దాన్ని ఎదుటివాళ్ళ కష్టం చేసి చెబుతారు.

తువెత్ ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో ముక్కుసూటిగా ఏదో అంది.

ఆయన నుదురు ముడిపడింది. ఏదో అడిగాడు. ఆమె ఇంకా పొట్టిగా జవాబిచ్చింది. ఆయన విసురుగా వెళ్ళిపోయాడు.

బూట్లకి అడుగు అంటించే బల్ల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి.

"లువా అంత మర్యాదగా చెబితే ఈవిడ పుల్ల విరిచినట్టు చెప్పిందేంటి?"

"ఆయన మొహం మాడింది చూశావా? మన మీద చాడీలు ఎక్కించింది."

మర్నాడు వెనకవైపు షట్టరు తెరిచారు. షెడ్డులోకి గాలి వచ్చింది.

"బారెట్ సార్ మనసు వెన్న," అన్నారంతా.

తర్వాత బిక్ వంతు. కడుపుతో ఉంది, రోజంతా నిలబడే పని.

"ఈ చెల్లెలి కాళ్ళకి బద్ధకం ఎక్కువైందక్కా," అంది తువెత్‌తో. "తప్పు ఈ కాళ్ళదే. సార్‌కి కోపం రాకుండా చూడు."

ఆ సాయంత్రమే తువెత్ ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి బిక్ పక్కన పడేసింది.

"సార్ పంపారా?"

"ఊఁ."

"దేవుడాయన," అంది బిక్.

మర్నాడు తువెత్ భోజనాల వేళ నూకలన్నం, తూటికూర చారు తెచ్చుకుని లువా ఎదురుగా కూర్చుంది. పక్కవాళ్ళు కంచాలు పట్టుకుని లేచిపోయారు.

"లువా, ఈసారి ఏదైనా ఉంటే నువ్వే అడుగు. నేను భాష మాత్రం మారుస్తాను. 'నాకు కష్టంగా ఉంది' అను, చాలు."

"మొహం మీదే? మా అమ్మ నన్నలా పెంచలేదక్కా."

"మీ అమ్మ ఆయనతో పనిచెయ్యలేదుగా. నొప్పి ఎవరిదో చెప్పకపోతే ఆయన చెవికెక్కదు."

"నీకు ఇంగ్లీషు వచ్చింది, సిగ్గు పోయింది," అని లువా కూడా లేచిపోయింది.

వానలు మొదలవకముందే తువెత్‌ని తీసేశారు.

"రోజూ ఏదో ఒక గొడవ తెచ్చే మనిషి నాకొద్దన్నారట సార్," అని గేటు దగ్గర కాపలాదారు చెప్పాడు.

"మేం ముందే అనుకున్నాం," అన్నారు బల్ల దగ్గరివాళ్ళు.

వెళ్ళేముందు తువెత్ షెడ్డులోకి వచ్చింది. "లువా, వెళ్ళొస్తాను. బిక్‌ని జాగ్రత్తగా చూసుకో."

లువా చేతిలో ఉన్న బూటు మీంచి తల ఎత్తలేదు.

కొత్త దుబాసీ ఖోయి నెమ్మదస్తుడు. మాట పొల్లుపోకుండా చెప్పేవాడు. అందరికీ నచ్చాడు.

అంతలో తాగేనీళ్ళు కంపుకొట్టడం మొదలైంది.

"నీళ్ళ రుచి మారిందో, మా నాలుకలే మొద్దుబారాయో తెలీదు తమ్ముడూ," అంది లువా.

ఖోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. బారెట్ నవ్వి తల ఊపాడు.

"ఏమన్నారు?"

"నాలుక సంగతి డాక్టర్‌కి చూపించుకోమన్నారక్కా."

ఇంకోసారి చెప్పించింది. ఇంకా మెత్తగా చెప్పించింది. ఆయన థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

ఒక్కొక్కరే కడుపు పట్టుకుని కూలబడసాగారు. ఒకరోజు బిక్ వాంతులు చేసుకుని, బల్ల కింద ముడుచుకుపోయింది. లువా ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపింది. చేతులు కడుక్కోకుండానే తిన్నగా బారెట్ గదిలోకి నడిచింది.

ఖోయి వెనకాలే పరిగెత్తాడు.

"చెప్పు తమ్ముడూ. ఈ నీళ్ళు విషం. ఇవి మార్చేదాకా నేను బూటు ముట్టను."

"అక్కా, 'చెల్లెలు' అందాం. కాస్త మెత్తగా..."

"మెత్తగా చెప్పీ చెప్పీ మెత్తబడిపోయాం. 'నేను' అన్నాను, ఆ మాటే చెప్పు. మార్చావంటే నీ సంగతి చెబుతాను."

ఖోయి చెప్పాడు. బారెట్ కలం పక్కన పెట్టాడు.

"ఎవరిదీ ఫిర్యాదు?" అని అడిగాడు.

ఏ కష్టం చెప్పినా ఆయన మొదట అడిగేది అదేనని ఖోయికి తెలుసు. భయంభయంగా తమ భాషలో లువాని అడిగాడు.

"నాది," అంది లువా. చూపు దించలేదు. "నా పేరు లువా. తీసేస్తే తియ్యమను."

గుమ్మంలో అలికిడైంది. బల్ల దగ్గరివాళ్ళంతా వచ్చి నిలబడ్డారు.

"నాది కూడా," అంది ఒకామె.

"నాది కూడా."

జిగురు చేతులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. వద్దని సైగ చేస్తున్న ఖోయి వైపు ఎవరూ చూడలేదు.

బారెట్ లేచి వెళ్ళి నీళ్ళు తనే గ్లాసులో పట్టి వాసన చూశాడు. మొహం తిప్పుకుని ఎవరికో ఫోన్ చేశాడు. పొద్దుగూకేలోగా నీళ్ళ తొట్టి ఖాళీ చేయించి, కొత్త నీళ్ళు తెప్పించాడు.

ఆస్పత్రి నుంచి బిక్ కబురు వచ్చింది. తల్లికీ కడుపులో బిడ్డకీ గండం తప్పింది.

లువా ఇంటికి బయల్దేరబోతుంటే బారెట్ ఆపి, ఖోయి వైపు తిరిగి ఏదో చాలాసేపు చెప్పాడు.

"ఏమంటారు? తీసేస్తారా?"

ఖోయి తల అడ్డంగా ఊపాడు.

"లేదక్కా... 'మీకూ కష్టాలున్నాయని నాకు ఇవాళే తెలిసింది. ఇన్నాళ్ళూ ఊపిరాడనిది తువెత్‌కి, కాళ్ళు లాగేది తువెత్‌కి అనుకున్నాను, ఎవరిదీ ఫిర్యాదు అని అడిగిన ప్రతిసారీ తనదే అనేది, ఒక్క మనిషికి ఇన్ని బాధలేంటని విసిగి పంపేశాను' అంటున్నారు."