ఇరవైమూడో నంబరు

మా హైస్కూలు యాభై ఏళ్ల చరిత్ర రాయమంటే, మొదటి పేజీ నిండా నా గొప్పే రాసుకున్నాను.

పదో తరగతిలో నా బెంచీ మిత్రుడు, మంచం పట్టిన వాళ్లమ్మ కోసం చాలా రోజులు ఇంట్లోనే ఉండిపోయేవాడు. హాజరు తగ్గితే వాడి స్కాలర్‌షిప్పు పోతుంది. అందుకని మాస్టారు "ఇరవైమూడు" అనగానే నేనే గొంతు బొంగురు చేసి "ప్రెజెంట్ సార్" అనేవాణ్ణి. పాపం, ఆ అమాయకపు మాస్టారికి ఏడాదంతా అనుమానమే రాలేదు. ఇప్పుడు ఆ మిత్రుడే ఈ స్కూలుకు హెడ్మాస్టరు. అంతా నా గొంతు చలవే!

వాడు నా పేజీ చదివి, నవ్వాపుకుంటూ బీరువాలోంచి ఆనాటి హాజరు పట్టీ తీశాడు.

"ఇది కూడా చూసి రాయరా."

ఇరవైమూడు ఒక్కరోజూ మానలేదు. ఇరవైనాలుగు, అంటే నేను, నలభై రోజులు రాలేదట!

"అన్యాయంరా! ఆ ఏడు నేను ఒక్కపూట కూడా మానలేదు."

"చివరి పేజీ తిప్పు."

అక్కడ మాస్టారు పెన్సిలుతో రాసుకున్నారు: "నలభై రోజులు ఆ బెంచీలో ఉన్నది ఒక్కడే. హాజరు మాత్రం అవసరమున్నవాడికి వేశాను. రెండోవాడు క్లాసులో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."