పన్నెండోవాడి కాళ్లు

శౌరమ్మకు ప్రార్థన మీద ధ్యాస లేదు. గుడిలోకి వచ్చినప్పటి నుంచీ ఆమె చూపంతా మగవాళ్ల వైపు కూర్చున్న జోజి వీపు మీదే ఉంది. చొక్కా కింద, నడుము దగ్గర, ఏదో ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. పొద్దున వాడు కొడవలికి పదును పెడుతుంటే ఆమె కళ్లారా చూసింది.

ఇవాళ పెద్ద గురువారం. ఏసు ప్రభువు శిష్యుల కాళ్లు కడిగి, ఒకరినొకరు ప్రేమించుకోమని చెప్పిన రోజు. గురజాల పక్కనున్న ఆ పల్లెలో ఏటా పన్నెండుమందిని బల్ల మీద కూర్చోబెట్టి ఫాదరుగారు కాళ్లు కడుగుతారు. ఈసారి పన్నెండోవాడు ఇన్నారెడ్డి. పంచాయతీ ఎన్నికల గొడవలో జోజి తండ్రి మర్రెడ్డిని నరికి, తొమ్మిదేళ్లు జైల్లో ఉండి, మొన్ననే ఊళ్లోకొచ్చాడు. అలాంటివాడి పేరు రాసుకున్న ఫాదరుగారు హాయిగానే ఉన్నారు. శౌరమ్మే ప్రాణాలు అరచేత పట్టుకుని తిరుగుతోంది.

మధ్యాహ్నం ఇన్నారెడ్డి ఇంటికి వెళ్లి బతిమాలింది.

"ఇయ్యాల గుడికి రామాకయ్యా. వాడు ఊరుకోడు."

"ఫాదరుకు మాటిచ్చా వదినా. వచ్చి తలొంచుకుని కూర్చుంటా. ఆపైన దేవుడి దయ."

పోలీసులకు చెబుదామనుకుంది. చెబితే ఇంకో కొంప కూలుతుంది. ఆ ఆలోచన మానుకుంది.

ఫాదరుగారు ఒక్కొక్కరి కాళ్లు కడిగి, తువాలుతో తుడుస్తూ వస్తున్నారు. ఆరోవాడు. ఏడోవాడు. తొమ్మిదోవాడి దగ్గరికి వచ్చేసరికి జోజి లేచి నిలబడ్డాడు.

ఆమె ఒక్క ఉదుటున మగవాళ్ల వైపుకు వెళ్లి వాడి చెయ్యి పట్టుకుంది. గుడిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"ఒరేయ్, కూర్చోరా. నీకు దణ్ణం పెడతా."

"నువ్వు అడ్డం రామాక. నాయన్ని ఎట్టా నరికాడో మర్చిపోయావా?"

"మర్చిపోలా."

"అయితే వదులు."

వాడు విదిలించుకున్నాడు. చెయ్యి నడుము దగ్గర చొక్కా కిందికి పోయింది.

శౌరమ్మ వాణ్ణి వదిలేసి ముందుకు నడిచింది. బల్ల దగ్గరికి పోయి ఫాదరుగారి చేతిలోని చెంబు లాక్కుంది. ఆయన ఏమిటని అడిగేలోపే ఇన్నారెడ్డి ముందు మోకరించింది.

"వద్దొదినా, లెగు," అన్నాడు ఇన్నారెడ్డి.

ఆమె లేవలేదు. అతని పాదాల మీద నీళ్లు పోసి, చెంబు పక్కన పెట్టి, రెండు చేతులా అతన్ని చుట్టేసుకుంది. వెనక చెప్పుల్లేని అడుగులు దగ్గరకొచ్చి ఆగాయి.

ఆ కొడవలి ఇప్పుడు ఇన్నారెడ్డి మీద పడాలంటే, ముందు జోజిని కన్న తల్లి వీపు మీద పడాలి.