ఫ్లెక్సీలో కొండముచ్చు

గండికోట దారిలో ప్రేమమ్మ మజ్జిగ బండి మీదికి ఓ గండుకోతి దూకింది. ఉడకబెట్టిన శెనక్కాయల గంప పక్కన కూర్చుని పళ్లు బయటపెట్టింది.

ప్రేమమ్మ నవ్వింది.

ఆమెకు సంతోషమొచ్చినా నవ్వే, భయమేసినా నవ్వే. అదీ ముప్పై రెండు పళ్లూ కనపడేలా.

కోతి కనుబొమలు ఎగరేసి, గుర్రుమంటూ మీదికొచ్చింది. ప్రేమమ్మ వెనక్కి గెంతింది. గంప బోర్లాపడింది. కోతికి పండగే పండగ.

"దాని కండ్లలోకి సూసి నవ్వొద్దక్కా," గోడ నీడలో కూర్చున్న మనిషి అన్నాడు. "నీకది నవ్వు. దానికి నీ పండ్లు కనపడితే కొట్లాటకు పిలిచినట్టే."

మాసిన పంచె, భుజాన సంచి, వారం రోజుల గడ్డం. ఎవరో కొత్త మనిషి.

"నవ్వకుండా యాపారం యాడ జరుగుతాదప్పా?" అంటూ ఆమె మళ్లీ నవ్వేసింది. అతని చేతిలో ఓ గ్లాసు మజ్జిగ పెట్టింది.

నవ్విందే గానీ లోపల గుబులే. ఈ నెలలో ఇది ఏడోసారి. ఇట్లాగే సాగితే బండి అమ్మేసి, మళ్లీ బండల గనిలో కూలికి పోవాల్సిందే.

ఆ సాయంత్రమే జమ్మలమడుగు పోయి నిలువెత్తు కొండముచ్చు ఫ్లెక్సీ కొట్టించుకొచ్చి బండి పక్కన నిలబెట్టింది. నల్ల మొహం, బారెడు తోక. కొండముచ్చును చూస్తే కోతులు హడలిపోతాయని అందరూ అనేదే కదా!

మరునాడు ఒక్క కోతీ రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

"సూస్తిరా నా కొండముచ్చు పవరు!" అని కోట చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చూపించింది. వాళ్లు దాని పక్కన నిలబడి సెల్ఫీలు కూడా దిగారు.

ఒక్కటే చికాకు. ఆ గోడ నీడ మనిషి కదల్లేదు. పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. ఉండుండి పళ్లు పటపట కొరికి, 'ఖొక్... ఖొక్' అని లోయ మారుమోగేలా దగ్గుతాడు. మజ్జిగ తాగేవాళ్లు గ్లాసులతో సహా దూరం జరుగుతున్నారు.

నాలుగో రోజు ప్రేమమ్మకు ఓపిక చచ్చింది.

"ఏమప్పా, ఏం దగ్గు అది? ఆస్పత్రికన్నా పో. నా గిరాకీ అంతా పారిపోతాండాది!"

అతను ఫ్లెక్సీ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"అట్లనేలే అక్కా," అని సంచి సర్దుకుని, రోజూ ఆ దారిలో తిరిగే యేసుప్రసాద్ ఆటో ఎక్కాడు.

ఆటో మలుపు తిరిగిందో లేదో, గండుకోతి దిగింది. వెనకాల దాని బలగమంతా దిగింది. గంప ఖాళీ చేసి, మజ్జిగ కుండ దొర్లించి, కొండముచ్చు నెత్తి మీదికెక్కి తీరిగ్గా శెనక్కాయలు ఒలుచుకున్నాయి.

అన్నీ అయ్యాక ఆటో తిరిగొచ్చింది.

"సూడు యేసుప్రసాదూ! ఫ్లెక్సీ పవరు నాలుగు దినాలకే అయిపాయ!"

యేసుప్రసాద్ పగలబడి నవ్వాడు. "దానికి పవరు ఎప్పుడుండాది అక్కా? నువ్వు తరిమిన ఆయప్పను ఇప్పుడే కర్నూలు బస్సెక్కించి వస్తి."

"ఆ దగ్గు తగ్గెనా, పాపం?"

"దగ్గా! కోట సూసి ఒక దినంలో పోదామని వచ్చినోడంట. కోతుల భయానికి ఆ యక్క నవ్వు మానేస్తే బాగుండదని నాలుగు దినాలు నిలబడెనంట."

ప్రేమమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంతకూ ఎవరప్పా ఆయన?"

"పెద్ద ఈరన్న అని, కోడుమూరు దిక్కు శెనక్కాయ చేన్లల్లో కోతుల్ని తరమను, కొండముచ్చు మాదిరి అరిచేదానికి రైతులు ఎతుక్కుంటా పోయి పిలుచుకొచ్చే మనిషక్కా ఆయప్ప."