అడగని ప్రశ్న

చివరి వరుసలో కూర్చున్న పెద్దావిడను ముందుగా చూసింది రేడియో.

అది అతని అసలు పేరు కాదు. యూనివర్సిటీలో ఏ వార్తయినా ముందు అతని నోటే వినాలి కాబట్టి క్లాసు పెట్టిన పేరు.

"ఇన్‌ఫార్మరే. పొద్దున రిజిస్ట్రార్ గదిలోంచి రావడం నా కళ్లతో చూశాను," అన్నాడు.

పక్కనున్న అమ్మాయి ఫోన్లో ఫొటో తీసింది. లెక్చరర్ వచ్చేలోపు అది క్లాసు గ్రూపులో అందరికీ చేరింది. కింద ఒకే మాట: జాగ్రత్త.

భయానికి కారణం ఉంది. నియంతల పాలనలో అబద్ధాన్ని ఎలా పంచుతారో, సైన్సు నోరు ఎలా నొక్కుతారో చెప్పే కోర్సు అది. దాన్ని ఉంచాలా తీసేయాలా అని శుక్రవారం యూనివర్సిటీ కౌన్సిల్ ఓటు వేయబోతోంది. తీసేస్తే లెక్చరర్ ఉద్యోగమూ పోతుంది.

లెక్చరర్ ఫొటో చూసింది. పెద్దావిడను చూసింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"మేడం, ఇవాళ్టికి వేరే పాఠం చెప్పండి," అంది ముందు వరుసలో ఒకమ్మాయి, గుసగుసగా.

"ఏం చెప్పమంటావ్? కుట్లు, అల్లికలా?"

క్లాసు నవ్వింది.

లెక్చరర్ ఆ రోజు చెప్పాల్సిన పాఠమే చెప్పింది. అంటువ్యాధి వచ్చినప్పుడు ఒక ప్రభుత్వం చనిపోయినవారి సంఖ్యను ఎలా దాచిందో, నిజం చెప్పిన డాక్టర్లను ఎక్కడికి బదిలీ చేసిందో, పత్రికల చేత ఏం రాయించిందో చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. గొంతూ తగ్గించలేదు.

ప్రశ్నలతో బుర్ర తినేసే క్లాసు అది. ఆ రోజు ఒక్క చెయ్యీ లేవలేదు.

లెక్చరర్ చివరి వరుస దాకా నడిచింది.

"అమ్మా, మీరు ఈ క్లాసులో చేరినవారు కాదు."

"కాదమ్మా."

"నా మాటలు ఎవరైనా వినొచ్చు. ఎక్కడైనా చెప్పుకోవచ్చు. మా పిల్లల ప్రశ్నలు మాత్రం ఎవరూ మోసుకుపోకూడదు."

"అంటే, వెళ్లమంటావు."

"వెళ్లమనే అంటున్నాను. మీ పైవాళ్లకు నా పేరు చెప్పండి. వీళ్ల పేర్లు వద్దు."

"ఎందుకు వద్దు మేడం? నాది మొదట చెప్పమనండి!" రేడియో లేచాడు. "మర్చిపోతారేమో, కాగితం మీద రాసిస్తాను."

ఫొటో తీసిన అమ్మాయి లేచింది. ఆ వెనకే క్లాసంతా లేచింది.

పెద్దావిడ సంచీ భుజాన వేసుకుంది. ఇంకేమైనా అడుగుతారేమోనన్నట్టు కాసేపు నిలబడింది. ఎవరూ అడగలేదు. క్లాసును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, వెళ్లిపోయింది.

"తోక ముడిచింది, చూశావా!" అన్నాడు రేడియో.

శనివారం వైస్ చాన్సలర్ తానే క్లాసుకు వచ్చాడు.

"మీ కోర్సు ఉంటుంది. ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది."

బల్లలు మోగాయి. రేడియో లేచి ఈల వేశాడు.

"ఆ ఒక్క ఓటు ఎవరిదో తెలుసా? కౌన్సిల్‌లోకి బయటి నుంచి తీసుకున్న సభ్యురాలిది. క్లాసు చూడనిదే ఓటు వేయనన్నారు. చూడ్డానికి వస్తే మీరే సాగనంపారట కదా."

రేడియో మెల్లగా కూర్చున్నాడు.

"కౌన్సిల్లో ఏమన్నారు సర్?" అంది లెక్చరర్.

"'పాఠం చెప్పేవాళ్లూ, వినేవాళ్లూ కలిసి ఒక పుకారు నమ్మారు. మీరెవరని నన్ను ఒక్కరూ అడగలేదు. కాబట్టి ఈ కోర్సు ఏడాది చాలదు, రెండేళ్లు చేయండి' అన్నారు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఎక్కడున్నారు సర్? వెళ్లి క్షమించమని అడగాలి," అంది లెక్చరర్.

"పొద్దుటి రైలుకే వెళ్లిపోయారు. ఇంత దూరం మళ్లీ రాలేనన్నారు. ఆ ఓటు కోసమే ఓపిక చేసుకుని వచ్చారట."

"కోపంగా వెళ్లారా?"

"కోపమా! ఎంత గర్వంగా చెప్పారో మీరు చూడాల్సింది. ఇన్‌ఫార్మర్ కూర్చుందనుకుని కూడా మీరు పాఠం మార్చలేదట. మీ కోసం క్లాసంతా లేచి నిలబడిందట. అది చూడ్డానికి బతికున్నానన్నారు."

లెక్చరర్ ఆ రోజు అడగాల్సింది ఇప్పుడు అడిగింది.

"ఎవరు సర్ ఆవిడ?"

"పాత ప్రభుత్వం ఊరూరా పంచిన విత్తనం మొలకెత్తదని ఈ గదిలోనే పాఠం చెబుతుంటే, మధ్యలో పోలీసులు వచ్చి తీసుకెళ్లిన టీచర్ ఆవిడే. ఆ రోజు ఆవిడ క్లాసులో ఒక్కరూ లేవలేదు."